జుట్టు లేని క్రిస్మస్ బొమ్మలు

1976 జూన్‌లో, తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు పక్కనున్న ఒక మిషన్ ఆసుపత్రిలో, కుట్టుగది కటింగ్ అసిస్టెంటుగా నన్ను వేసుకున్నారు. మూడేళ్ల తర్వాత, 1979 జూలైలో, అంతకు ముందున్న సూపర్‌వైజరమ్మ రిటైరై సొంతూరికి పోవడంతో ఆ కుర్చీ నాకిచ్చారు. ఇక్కడ రాస్తున్నది ఆ కుర్చీలో నా మొదటి డిసెంబరు సంగతి.

ఆసుపత్రికి కుట్టుగది ఎందుకని ఇప్పటివాళ్లు అడుగుతుంటారు. ఇప్పుడు అన్నీ పొట్లాల్లో వస్తున్నాయి, ఒకసారి వాడి పారేస్తున్నారు. అప్పట్లో ఆపరేషన్ చేసే డాక్టరు గౌను, మూతికి కట్టుకునే గుడ్డ, రోగి ఒంటి మీద పరిచే నడుమ రంధ్రమున్న తువాలు, పడక దుప్పటి, కాన్పయిన తల్లికి పొట్టకట్టు, విరిగిన కాలు కదలకుండా ఇరుపక్కలా పెట్టే ఇసుక సంచి, అన్నీ మా గదిలోనే తయారయ్యేవి. గుడ్డ తాన్లు స్టోర్సు నుంచి వస్తాయి. నేను కొలిచి, గీసి, కత్తిరిస్తాను. మెషిన్ల మీద కూర్చున్నవాళ్లు కుడతారు. ఆకుపచ్చ గుడ్డ ఆపరేషన్ థియేటరుకు, తెలుపు వార్డులకు, నీలం అంచు కాన్పుల వార్డుకు. ఒకదానిది ఇంకొకదానికి పోకూడదు. మా అందరి మీదా మేట్రనమ్మ, అంటే నర్సులకు పెద్ద. మంచం మీదికి పోయే ప్రతి గుడ్డకూ ఆమెదే జవాబుదారీ.

చిరిగిపోయినవాటిని కూడా ఊరికే పారేసేవాళ్లం కాదు. దుప్పటి ఎప్పుడూ నడిమధ్య అరుగుతుంది, మనిషి పడుకునేది అక్కడే కాబట్టి. అంచులు గట్టిగానే ఉంటాయి. అందుకని దాన్ని నిలువునా రెండుగా చీల్చి, గట్టి అంచులు రెండింటినీ నడుమకు తెచ్చి కలిపి కుట్టి, అరిగిన పక్కను అంచులకు పంపేవాళ్లం. దాంతో ఆ దుప్పటి ఇంకో ఏడాది పనిచేసేది. అదీ ఇక పనికిరాదని తేలితే మూడు నెలలకోసారి మేట్రనమ్మ, స్టోర్సు గుమస్తా, నేను కూర్చుని ‘తీసివేత’ ముద్ర వేసేవాళ్లం. ముద్ర పడిన గుడ్డ మాది. తుడుపు గుడ్డలకు పోగా మిగిలిన ముక్కలు ఒక పెద్ద మూటలో చేరేవి.

నా లెక్కల గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ముందు చెప్పబోయేది అర్థం కాదు. ఎస్సెల్సీలో నేను తప్పింది ఒక్క లెక్కల పేపరే. మా నాయన చిత్తూరులో ఒక జవుళి అంగట్లో గుడ్డ కొలిచి చించే పని చేసేవాడు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆ ఏడాది, పాత న్యూస్‌పేపరు పరిచి, దాన్ని గుడ్డ అనుకుని, రవిక ముక్కలు ఎట్లా సర్దితే తక్కువ కాగితం పోతుందో చూస్తూ కూర్చునేదాన్ని. బడిలో తలకెక్కనివి కాగితం మడతల్లో తలకెక్కాయి. భిన్నాలు, వైశాల్యాలు, నిష్పత్తులు అన్నీ అట్లా నేర్చుకున్నవే. ఆసుపత్రివాళ్లు నన్ను తీసుకున్నది కూడా ఒక తాను గుడ్డలో మామూలుగా వచ్చేదానికంటే రెండు గౌన్లు ఎక్కువ తీసి చూపినందుకు. ఈ లెక్క నాకు ఉద్యోగమే కాదు, సరదా కూడా.

అయితే ఆ ఉద్యోగంలో ఒక విసుగు ఉంది. ఆసుపత్రి గుడ్డలో దాదాపు అంతా నేరు కుట్టే. దుప్పటికి నాలుగు నేరు కుట్లు, తువాలుకు నాలుగు, ఇసుక సంచికి మూడు. మెషిన్ల దగ్గర కూర్చునే వాళ్లందరికీ మంచి చేతిపని వచ్చు. కాజాలు తీయగలరు, గౌనుకు కుచ్చులు పెట్టగలరు, పువ్వులు కుట్టగలరు. ఏడాది పొడుగునా వాళ్లు కుట్టేది మాత్రం దుప్పటి అంచులు. అందరిలో పెద్దది రూతమ్మ. ఆమె తరచూ అంటుండేది: “పైన సూది, కింద రోడ్డు. ఇట్లనే నేరుగా కుట్టుకుంటా పోతే ఈపాటికి కాశీలో ఉందును.”

మా గదిలో ఒకే ఒక్క మగమనిషి ఖాదర్ బాషా. తిరుపతిలో మూడు తరాలుగా దర్జీలైన కుటుంబం అతనిది. మెషిన్ల రిపేరు కూడా అతనే చూసేవాడు. రూతక్కకు కాశీలో ఏం పని అని అతను అడిగితే, అక్కడ కూడా దుప్పట్లు చినుగుతాయి కదప్పా అని ఆమె బదులు చెప్పేది.

క్రిస్మస్‌కు పిల్లల వార్డులో ఉన్న ప్రతి బిడ్డకూ కుట్టుగది ఒక కానుక కుట్టి ఇవ్వడం ఆ ఆసుపత్రిలో పాత ఆనవాయితీ. ఆ పనికి గుడ్డ మా ముక్కల మూటలోంచే రావాలి. రోజుపని అయిపోయాక మిగిలిన గంటలోనే కుట్టుకోవాలి. చాలా ఏళ్లుగా ఇస్తున్నది నాడా సంచి. అంటే మళ్లీ నేరు కుట్టే. పిల్లలు తీసుకునేవాళ్లు, వాళ్ల అమ్మలు అందులో మందుసీసాలు పెట్టుకునేవాళ్లు.

ఆ ఏడు అక్టోబరు చివర మేట్రనమ్మ మమ్మల్ని పిలిచి, ఈసారి సంచులు వద్దన్నారు. పిల్లలు వాటితో ఆడుకోవడం లేదని, మద్రాసు నుంచి ప్లాస్టిక్ బొమ్మలు తెప్పించాలని ఆఫీసు అనుకుంటోందని చెప్పారు. ఆమెది గుంటూరు వైపు. కోపం లేకుండానే కఠినంగా మాట్లాడే మనిషి. చెప్పాల్సింది చెప్పి కాగితాల వైపు తిరిగారు. రూతమ్మ కదల్లేదు. తాము బొమ్మలు కుడతామని, ఒక్కసారి అవకాశం ఇచ్చి చూడమని అడిగింది. మేట్రనమ్మ మూడు షరతులు పెట్టారు. వార్డులో ఏ బిడ్డకూ తక్కువ కాకూడదు. పిల్లల వార్డులోకి పోయే ప్రతి గుడ్డలాగే బొమ్మ కూడా అరగంట సేపు మరిగే నీళ్లను తట్టుకోవాలి. క్రిస్మస్‌కు మూడు రోజుల ముందే అన్నీ ఉడికి, ఆరి, తన బల్ల మీద ఉండాలి. ఏది తప్పినా ఆ మధ్యాహ్నమే తిరుపతి బజారుకు మనిషి పోయి ప్లాస్టిక్ బొమ్మలు తెస్తాడు. ఆ తర్వాత కుట్టుగదికి కానుకల పని ఉండదు.

బయటికొచ్చాక రూతమ్మ అన్న మాట నాకు గుర్తుంది. “సరోజా, సంచి పోతే పోనీ. ఏడాదికొకసారి మన ఇష్టంగా కుట్టే ఆ గంట పోతే, మనం గూడా మెషిన్లో ఒక సామానే.”

బొమ్మ నమూనా ఆమే గీసింది. జానెడు కంటే కాస్త పెద్దది. గుండ్రటి తల, చాచిన చేతులు, కొంచెం ఎడంగా కాళ్లు. ముందొకటి, వెనకొకటి, రెండు ముక్కలు కలిపి కుట్టి, తిరగేసి, దూది కూరాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఇందులో నేరు కుట్టు ఒక్కటీ లేదు. మెడ దగ్గర, చంక దగ్గర వంపు తిరిగేచోట కుట్టుకు బయటున్న గుడ్డకు కత్తెర మొనతో చిన్న చిన్న గాట్లు పెట్టాలి. లేకపోతే తిరగేశాక ముడత పడి, బొమ్మకు మెడ పట్టేసినట్టుంటుంది. ఆ గాట్లు కుట్టుకు ఎంత దగ్గరగా పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది చేతికి తెలియాల్సిందే.

బొమ్మల ఒంటికి తెల్లగుడ్డ పనికిరాదని రూతమ్మ మొదటే తేల్చింది. మన వార్డులో తెల్లగా ఉండేది గోడలు, నర్సమ్మల బట్టలు అంతే కదా అన్నది. అందుకు బాషా తుమ్మచెక్క తెచ్చి కషాయం కాచి, మూటలోని కోరా ముక్కలను అందులో వేశాడు. ఒకటే కాగులో వేసినా ముక్క పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి రంగు మారింది. ఒకటి చామనఛాయ, ఒకటి గోధుమ, ఒకటి నల్లనేరేడు పండుకు దగ్గరగా. దాంతో వార్డులో పిల్లలు ఎన్ని రంగులో బొమ్మలూ అన్ని రంగుల్లో తయారయ్యాయి. ఆ రంగు ఎన్నిసార్లు ఉడకేసినా పోలేదు.

ముక్కల మీద బొమ్మల్ని సర్దడం నా పని. అదే నాకు ఆ ఏడాదంతటిలోకీ ఇష్టమైన పని. ఒక బొమ్మ నిలువుగా, పక్కది తలకిందులుగా పెడితే, ఒకదాని చెయ్యి రెండోదాని నడుము వంపులోకి సరిగ్గా పోతుంది. కాళ్ల నడుమ ఎడంలో ఇంకోదాని తల కూర్చుంటుంది. అట్లా సర్దాక మిగిలిన పేలికలు నా గుప్పిట్లో పట్టేవి. ఎన్ని బొమ్మలు కావాలన్నది ఇంకో లెక్క. వార్డులో మంచాలు ఇరవై. పండగకు కొందరు ఇంటికి పోతారు. జ్వరాల కాలం కాబట్టి కొందరు కొత్తగా వస్తారు. గడిచిన మూడు డిసెంబర్లలో నేను చూసినదాన్ని బట్టి ఇరవైనాలుగు కత్తిరించాను.

నవంబరంతా ఆ సాయంత్రపు గంట కోసం అందరూ రోజుపని తొందరగా ముగించేవాళ్లు. ముఖాలు దారంతో కుట్టాలి, బొత్తాలు పెట్టకూడదు. బొత్తాం ఊడితే పిల్లలు మింగుతారు. ఎవరి బొమ్మ ముఖం వాళ్ల ఇష్టమని రూతమ్మ వదిలేసింది. ఒక బొమ్మ అచ్చం మా స్టోర్సు గుమస్తాలాగా, ఏ గుడ్డ అడిగినా లేదనేటట్టు తయారైంది. బాషా కుట్టిన మొదటి బొమ్మకు కనుబొమ్మలు కిందికి దిగాయి. రూతమ్మ దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

“ఏమప్పా బాషా, దీనికెందుకింత కోపం?”

“దుప్పట్లు కుట్టి కుట్టి వచ్చింది కదక్కా,” అన్నాడు బాషా.

ఆడ బొమ్మలకు పావడా రవిక, మగ బొమ్మలకు చొక్కా నిక్కరు. థియేటరు ఆకుపచ్చ, కాన్పుల వార్డు నీలం అంచులు, ఎవరో ఇంటి నుంచి తెచ్చిన పూల చీటీగుడ్డ. ఆసుపత్రిలో ఎన్నడూ కలవకూడని రంగులన్నీ ఒక్క బొమ్మ ఒంటి మీద కలిశాయి. తీసివేత ముద్ర పడిన గుడ్డకు ఏ వార్డూ లేదు కాబట్టి అది తప్పు కాదు.

జుట్టును చివరికి పెట్టుకున్నాం. తిరుపతిలో నల్ల ఊలు కొన్నాం. నమూనాకని విడిగా కుట్టిన ఒక బొమ్మకు నున్నగా పాపిడి తీసి, రెండు జడలు వేసి, లాండ్రీలో కాగులో వేయించాం. అరగంటకు బయటికి తీస్తే, జడలు బూడిదరంగులోకి మారి, ముఖమంతా బొగ్గు ఇంజను తోలి వచ్చినవాడిలాగా ఉంది. ఊలు రంగు నిలిచేది కాదు. దాన్ని పక్కన పెట్టేశాం. అప్పటికి గడువు ఐదు రోజులుంది.

అందరం కూర్చుని మార్గాలు వెతికాం. నల్లదారం రంగు నిలుస్తుంది, మాకు తెలుసు. కానీ తల నిండా దారంతో కుట్టాలంటే ఒక బొమ్మకు ఒక మనిషికి రెండు సాయంత్రాలు పడుతుంది. ఉన్న మనుషులతో భాగిస్తే క్రిస్మస్ దాటుతుంది. కాళహస్తిలో అద్దకంవాళ్లు బెల్లం, ఇనుపముక్కలు కలిపి పులియబెట్టి చేసే నలుపు ఎంత ఉతికినా పోదని బాషా చెప్పాడు. అయితే అది పులియడానికే వారాలు పడుతుందట. బురఖా గుడ్డ ముక్కలు తెచ్చి ఉడకేసి చూశాం. అదీ ఊలు దారే పట్టింది. చివరికి బాషా కత్తెర కింద పెట్టి అన్నాడు: “తిరుపతిలో కూర్చోని జుట్టు లేదని ఏడ్చేది లోకంలో మనమే.”

అందరూ నవ్వారు, రూతమ్మ తప్ప. కొండ మీద మొక్కు చెల్లించిన జుట్టు బొమ్మలకు వాడేది కాదని, అది మాట్లాడవద్దని ఆమె మెల్లగా అన్నది. తానూ అది నవ్వులకే అన్నానని బాషా చెప్పాడు. కానీ ఆ సాయంత్రం ఎవరూ ఇంకే మార్గమూ చెప్పలేకపోయారు. ఉడికిన బొమ్మలకు ఎండ కావాలి కాబట్టి, మరుసటి పొద్దున జుట్టు లేకుండానే వాటిని పిల్లల వార్డు వసారాలో తీగకు వేలాడదీశాం. మా గది ఉత్తరం వైపు, అక్కడ ఎండ రాదు.

ఆ పొద్దునే నాకు ఆ వార్డులో పని పడింది. బంగారుపాళ్యం దగ్గర పల్లె నుంచి మునిలక్ష్మి అనే ఏడేళ్ల పాప రెండు వారాలుగా అక్కడ ఉంది. తల్లితో కొండకు పోయి, గుండు చేయించుకుని, తిరిగి ఇంటికి పోతూ దారిలో బస్సు దిగేటప్పుడు పడింది. తొడ ఎముక విరిగింది. అటువంటి కాలికి పట్టీలు చుట్టి, తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తారు. ఎముక సరిగ్గా అతుక్కునేవరకు అట్లాగే వారాల తరబడి పడుకోవాలి. ఆ కాలు పక్కకు తిరక్కుండా పెట్టే ఇసుక సంచి ఆమెకు పెద్దదైందని, చిన్నది కుట్టాలని సిస్టరు కబురు పంపింది. అందుకు కొలత తీసుకోవడానికి పోయాను.

పాప తల మీద తువాలు ఉంది. గడ్డం కిందికి లాగి ముడి వేసుకుంది. పక్క మంచాల పిల్లలు మొదటి రోజు ‘గుండూ’ అని పిలిచారట. అప్పటి నుంచి తువాలు తీయనివ్వడం లేదని, నర్సు తల తుడవడానికి వస్తే చేయి కొరికిందని వాళ్లమ్మ చెప్పింది. మెడ కింద అంతా చెమటపొక్కులు. తీసేయమని తల్లి బతిమాలుతుంటే పాప వినిపించుకోకుండా కిటికీ వైపు చూస్తోంది. కొలతటేపు పట్టుకుని నేను వంగి ఉండగా నన్నడిగింది.

“అత్తా, ఆ బొమ్మలు గూడా కొండకు పోయొచ్చిండాయా?”

నేనూ చూశాను. వసారాలో తీగ పొడుగునా ఇరవైనాలుగు నున్నటి తలలు పొద్దుటి ఎండలో వరసగా వేలాడుతున్నాయి. ఎవరికైనా అట్లాగే తోస్తుంది. లేదమ్మా, వాటికింకా జుట్టు పెట్టలేదని, పెట్టాలని చూస్తున్నామని చెప్పాను.

“పెట్టొద్దు,” అంది పాప. “ఇప్పుడే గదా ఇచ్చొచ్చింది. మళ్లా అదే పెరుగుతాదిలే.”

తర్వాత, అది తనకు తెలిసిన విషయమని నాకు రుజువు చేయాలనుకుందేమో, గడ్డం కింద ముడి విప్పుకుని తువాలు తీసి, తల మీద చేయి పెట్టి చూడమంది. చూశాను. మొలకలు వచ్చి గరుగ్గా ఉంది. పక్క మంచం పిల్లవాడు అది చూసి గుండూ అన్నాడు. మునిలక్ష్మి వాడి వైపు తిరిగి, వసారా వైపు చేయి చూపింది. “ఆడ సూడు. మేం ఇంతమంది ఉండాం. నువ్వొక్కడివే.”

నేను ఇసుక సంచి కొలత రాసుకోవడం మరచిపోయి కుట్టుగదికి వచ్చేశాను. మళ్లీ పోవలసి వచ్చింది.

జరిగింది చెప్పగానే బాషా తొడ మీద చరుచుకుని, ఇంక పని అయిపోయినట్టే అన్నాడు. మిగిలినవాళ్లూ అదే మాట. రూతమ్మ మాత్రం బొమ్మనొకదాన్ని చేతిలో పెట్టుకుని తిప్పుతూ ఉండిపోయింది. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. క్రిస్మస్ కానుకగా గుండు బొమ్మలు ఇస్తే, మిషన్ ఆసుపత్రిలో కొండ మొక్కు బొమ్మలు పంచారని ఎవరైనా అంటారు. మేట్రనమ్మే అనవచ్చు. బొమ్మలు ఆపేస్తే వచ్చే ఏడు నుంచి కానుకల పనే ఉండదు. నేను హిందువుని కాబట్టి ఈ విషయంలో సలహా చెప్పడం న్యాయం కాదని ఊరుకున్నాను. బాషాకూ అదే అనిపించిందేమో, మెషిన్‌కు నూనె వేయడం మొదలుపెట్టాడు.

చివరికి రూతమ్మే తేల్చింది.

“పశువుల కొట్టంలో పుట్టిన బిడ్డకు మాత్రం జడలుండెనా? క్రిస్మస్ అంటేనే పసిబిడ్డ పండగ. పసిబిడ్డకు యాడన్నా ఇంత జుట్టు ఉంటాదా?” తర్వాత బొమ్మను బల్ల మీద పెట్టింది. “కొండకు పోయొచ్చినోళ్లకు కొండకు పోయొచ్చినట్ల ఉంటాది. మాకు మా మాదిరి ఉంటాది. మేట్రనమ్మకు నేను చెప్తా.”

జుట్టు కోసం మిగిల్చిన సాయంత్రాల్లో బొమ్మల తలలకు వెనకవైపు కుట్టు కనపడకుండా దారంతో సరిచేశాం. జుట్టు ఉంటే అది కప్పేసేది. లేదు కాబట్టి తల నున్నగా, గుండ్రంగా రావాలి. అది అనుకున్నదానికంటే కష్టమైన పనే. ఆ పనిలో బాషాను మించినవాళ్లు లేరు.

గడువు రోజు మధ్యాహ్నం బొమ్మలన్నిటినీ ట్రేలలో పెట్టి మేట్రనమ్మ బల్ల మీదికి చేర్చాం. రూతమ్మ చెప్పాల్సింది దారి పొడుగునా పెదవులు కదుపుతూ వల్లెవేసుకుంటూ వచ్చింది. మేట్రనమ్మ ఒక బొమ్మ తీసుకుని చేయి లాగి చూశారు, కాలు లాగి చూశారు, కళ్ల మీద గోరుతో గీకి చూశారు.

“జుట్టేది?” అన్నారు.

రూతమ్మ పశువుల కొట్టం దగ్గర మొదలుపెట్టింది. మేట్రనమ్మ చేయెత్తి ఆపారు.

“అవన్నీ తర్వాత. ఉడకబెట్టారా?”

రెండుసార్లు ఉడికాయని చెప్పాను.

“పిల్లలు పీక్కుని మింగేది ఏమైనా ఉందా?”

ఏమీ లేదన్నాను.

“అయితే జుట్టు లేకపోవడమే మంచిది. పేలు పట్టవు,” అన్నారు. బొమ్మల్ని లెక్కపెట్టించుకుని, తీసుకుపోయి లినెన్ అలమారలో పెట్టి తాళం వేయమన్నారు. మనిషిని బజారుకు పంపే మాట ఎత్తలేదు. తలుపు దాటాక రూతమ్మ తన మాట సగంలోనే ఉండిపోయిందని కాస్త కష్టపెట్టుకుంది. మిగిలిన సగం మా అందరికీ ఆ సాయంత్రం గదిలో చెప్పింది. నిజంగానే బాగుంది.

క్రిస్మస్ పొద్దున నర్సులు పాటలు పాడుతూ వార్డు చుట్టి వచ్చాక, ఆనవాయితీ ప్రకారం కుట్టుగది వాళ్లమే కానుకలు పంచాం. ఆ రోజు వార్డులో, మంచాలు చాలక కింద పరుపుల మీద ఉన్నవాళ్లతో కలిపి, పిల్లలు ఇరవైముగ్గురు. నా అంచనాకు ఒకటి మిగిలింది. దాన్ని ఎమర్జెన్సీ కోసం ఉంచాం. ఆ సాయంత్రమే దానికీ ఒక బిడ్డ వచ్చాడు.

తర్వాత ఒకటి రెండు రోజుల్లో జరిగింది మేం ఎవరం అనుకోనిది. వెనకటి సంచులను పిల్లలు ఎట్లా ఇస్తే అట్లా వాడుకునేవాళ్లు. ఈ బొమ్మల తలలను ఎవరూ ఖాళీగా వదల్లేదు. మునిలక్ష్మి వాళ్లమ్మ తెచ్చుకున్న గంధపు చెక్క అరగదీసి బొమ్మ తలకు పట్టించింది. ఒక పాప దాన్ని తువాలులో చుట్టి, పుట్టిన బిడ్డ నిద్రపోతోందని వచ్చినవాళ్లందర్నీ మెల్లగా మాట్లాడమంది. ఒక ముసల్మాను పిల్లవాడి నాయనమ్మ కర్చీఫుతో చిన్న టోపీ మడిచి పెట్టింది. అది నిలవడం లేదని బాషా దాన్ని నాలుగు కుట్లతో నిలబెట్టాడు. గుండూ అని పిలిచిన పిల్లవాడి బొమ్మకు బొగ్గుతో క్రాపు దిగింది. ఎవరెవరి బొమ్మ ఏదో ఇక ఎవరూ గుర్తు పెట్టనక్కరలేదు.

మేట్రనమ్మ వారానికోసారి బొమ్మలన్నీ ఉడకేయాల్సిందేనన్నారు. ప్రతి శనివారం గంధం, బొగ్గు, అన్నీ కాగులో పోయేవి. ఆదివారం పొద్దున మళ్లీ పెట్టుకునేవాళ్లు. బొగ్గు క్రాపు ఒకసారి ఎడమ పాపిడి, ఒకసారి కుడి పాపిడి. మునిలక్ష్మి తువాలు మళ్లీ కట్టుకోలేదు. మెడ పొక్కులు జనవరి మొదటి వారానికి మానిపోయాయి.

ఫిబ్రవరిలో ఆమెను ఇంటికి పంపే రోజు, సిస్టరు ఆ బొమ్మను కుట్టుగదికి పంపింది. పాప తల మీద జుట్టు అప్పటికి వేలి మందాన పెరిగింది. బొమ్మకు కూడా అంతే పెరగాలని, అంతకంటే ఎక్కువ వద్దని కబురు. రూతమ్మ రంగు నిలిచే నల్లదారం తీసుకుని, తల నిండా చిన్న చిన్న ముళ్లలాగా కుట్టి, పైన కొసలు కత్తిరించింది. దానికి ఒక పొద్దంతా పట్టింది. ఆ రోజు దుప్పట్లు ఆగాయి. పనిపుస్తకంలో ఆ పొద్దును మరమ్మతు కింద రాయబోతే రూతమ్మ ఒప్పుకోలేదు. బొమ్మ పాడైతే కదా మరమ్మతు, అది పెరిగింది అంతే అన్నది. నేను ‘కొత్త పని’ అని రాశాను. మేట్రనమ్మ సంతకం పెట్టారు.

కానుకల పని ఆ తర్వాత కూడా కుట్టుగదికే ఉండింది. జుట్టు ఎవరూ అడగలేదు, మేమూ పెట్టలేదు. నిరుడు కళ్లు మొరాయించి, యాభై మూడో ఏట, రిటైరయ్యే గడువుకు ముందే నేను పని మానేసేనాటికి ఆ గదిలో రెండు మెషిన్లే మిగిలాయి. నా నమూనా అట్టలను ఎవరో అడిగితే ఇచ్చేశాను.

ఆ డిసెంబరు నాకు నేర్పింది ఒక పనిపద్ధతి. అంతవరకు వస్తువును పూర్తి చేసి గది దాటించడమే మా పని అనుకునేదాన్ని. ఏది చేయకుండా మిగిలినా అది లోటు కిందే లెక్క. ఆ తర్వాత దేన్ని కత్తిరించినా, ఇందులో వాడేవాళ్లకు వదలాల్సింది ఏదైనా ఉందా అని ముందు చూసుకునేదాన్ని. రోగుల గౌన్లకు నాడాలను అన్నిటికీ ఒకే చోట కుట్టడం మానేశాం. నాడాలను విడిగా వార్డుకు పంపి, ఏ చెయ్యి కట్టులో ఉందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటారో మంచం దగ్గర అడిగి, అక్కడ నాలుగు కుట్లు వేసేవాళ్లం. దానికి సమయం కొంచెం ఎక్కువ పట్టేది. గౌన్లు మళ్లీ సరిచేయడానికి కుట్టుగదికి తిరిగి రావడం దాదాపు ఆగిపోయింది.